మాఫీకి సరిపడా ఊపిరి

జబ్బు చేసిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆ జబ్బులో ఉన్నన్నాళ్లూ ఎవరెవరిని చూసి కడుపు మండిందో చెప్పుకోవడానికే సిగ్గు. అయినా అదే రాస్తున్నాను. మందుల పేర్లు డాక్టర్లు చీటీ మీద రాస్తారు. మంచం మీద ఉన్నవాడి బుద్ధి ఎలా తిరుగుతుందో రాసేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఎండలు ముదిరాయి. సందు చివరి టీ కొట్టు దాకా నడిచి, మధ్యలో ఒక్కచోట ఆగి, మళ్లీ ఇంటికి రాగలుగుతున్నాను. కాబట్టి రాయొచ్చు.

మేం దూదేకులవాళ్లం. నమాజు అరబీలో, సంసారం తెలుగులో. మా నాన్న పామర్రు చుట్టుపక్కల ఊళ్లలో, కోతలు అయిపోయాక, భుజాన విల్లు వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. నేను విజయవాడ వచ్చి వన్ టౌన్‌లో బట్టల గోడౌన్ల వెనక సందులో పరుపుల కొట్టు పెట్టాను. బడికి పోయింది తక్కువ. పరుపు గుడ్డకు చుట్టి వచ్చే పాత పేపర్లు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తర్వాత ఖురానూ, ప్రవక్త వారి మాటలు చెప్పే హదీసులూ తెలుగులో ఏవి దొరికితే అవి చదివాను. అరబీ అక్షరం రాదని నన్ను చిన్నచూపు చూసినవాళ్లున్నారు. అర్థం తెలియకుండా వల్లించేవాళ్ల కంటే నేనేం తక్కువని నేనూ ఊరుకోలేదు.

బాజీ నా భార్య జాన్‌బీకి తమ్ముడు. పని నేర్పింది నేనే. నా కొట్లో నా పక్కనే కూర్చుని ఏకి, కుట్టి, తర్వాత ఎదురుగా సొంత కొట్టు పెట్టుకున్నాడు. దానికి నాకేం బాధ లేదు. బాధ వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట మా మసీదు పెద్దలు ఒక సభ పెట్టారు. చుట్టుపక్కల హిందువులను, క్రైస్తవులను కూడా పిలిచారు. ప్రవక్త వారి క్షమాగుణం గురించి తెలుగులో చెప్పగలవాడు కావాలన్నారు. నన్ను అడిగారు. ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. దూది ఏకుతూ, సూది గుచ్చుతూ, పక్కన కూర్చున్న బాజీకి రోజూ పైకి చెప్పుకుంటూ ప్రసంగం తయారుచేశాను. తనను ఊరి నుంచి తరిమినవాళ్లు తలలు దించుకుని నిలబడితే ప్రవక్త వారు పగ తీర్చుకోకుండా వదిలేసిన సంగతి, బావిలో తోసిన అన్నలను యూసుఫ్ క్షమించిన సంగతి, చివర్న స్వర్గవాసి కథ. సభ రోజున ఇస్త్రీ లాల్చీ వేసుకుని వెళ్లేసరికి బాజీ పెద్దలతో అంటున్నాడు: "మా బావకి దమ్ము చాలదండీ. మధ్యలో దగ్గు తెర వస్తే సభ పాడవుద్ది. నేను చెప్తాలెండి."

చెప్పాడు. నా మాటలు, నా వరస, నేను ఆగినచోట ఆగుతూ. జనం కళ్లు తుడుచుకున్నారు. నా పేరు ఎత్తలేదు. అప్పటి నుంచి మా సందులో అది బాజీ గారి ప్రసంగం. పెళ్లిళ్లలో అడిగి చెప్పించుకుంటారు. చెప్పగా చెప్పగా అది తన సొంతమేనని వాడు కూడా నమ్మేశాడు. నేను వాడితో ఒక్క మాట అనలేదు. నోట్లో పెట్టుకుని తిరిగాను.

నవంబరు

అప్పట్లో తెరలు తెరలుగా వచ్చిన దగ్గు ఈసారి వచ్చి కూర్చుంది. ముందు మెట్ల దగ్గర, తర్వాత స్నానం దగ్గర, చివరికి అన్నం ముద్ద దగ్గర ఆయాసం. ఎక్స్‌రే చూసిన డాక్టరు, "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిపోయిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని చెప్పాడు. అందరూ నా పరుపుల మీద పడుకున్నారు, నేను వాటి దుమ్ము పీల్చాను. ఇది అన్యాయమని ఎవరితో అనాలి?

ఆ వెయిటింగ్ హాల్లో కూర్చున్నప్పుడు నా బుద్ధి మొదటిసారి బయటపడింది. ఎదురు బెంచీ మీద నా వయసువాడే ఒకాయన, కాలికి కట్టు కట్టుకుని, ఫోన్లో ఎవరినో గట్టిగా తిడుతున్నాడు. ఎంత పొడుగు తిట్టు. మధ్యలో ఒక్కసారి కూడా గాలి కోసం ఆగలేదు. ఆ తిట్టును చూసి అసూయపడ్డాను. తిట్టడానికి కూడా ఊపిరి కావాలని అప్పుడే తెలిసింది.

డిసెంబరు

చలికి నిమ్ము చేసింది. ఆస్పత్రిలో చేర్చారు. ముక్కుకీ నోటికీ కలిపి మాస్కు. వెల్లకిలా పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉండేది. బతికినంతకాలం పరుపులు కుట్టినవాడికి పడుకునే యోగం లేకపోయింది. పక్క మంచం మీదాయన ఒక ఇంజెక్షన్‌తో గురక పెడుతుంటే ఆ గురక విని పళ్లు కొరికాను.

చూడ్డానికి రోజూ వచ్చింది బాజీ. వచ్చినవాడు నా దగ్గర కూర్చోవాలి కదా. వార్డంతా తిరుగుతాడు. ఒకరికి మంచినీళ్లు పడతాడు, ఒకరి కొడుక్కి ఫోన్ కలిపిస్తాడు, ఒక ముసలామెతో వేళాకోళం. వాడు రాగానే మంచాల మీద తలలు లేచేవి. నా రోగానికి వచ్చిన మనిషిని వార్డంతా పంచుకున్నారు.

ఒకరోజు పొద్దున నర్సు రత్నకుమారి మందు పొగ పట్టడానికి వచ్చింది. మంచి పిల్ల. మెడలో సన్నటి శిలువ గొలుసు. మాస్కు సర్దుతూ అంది: "తాతగారూ, మీ బావమరిది గారు నిన్న ఎంత మంచి కథ చెప్పారండీ. ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా పడుకునే ఆయన కథ. నాకు ఏడుపొచ్చేసిందండీ."

నా కథ అది. మూతి మీద మాస్కు, లోపల పొగ. నాది అని చెబుదామని చెయ్యి ఎత్తాను. నొప్పేమో అనుకుని ఆ చెయ్యి పట్టుకుని దుప్పట్లో పెట్టింది.

"రోగిని చూడ్డానికి పోతే దేవుణ్ణి చూడ్డానికి పోయినట్టేనని మీ దాంట్లో కూడా ఉందంటగా. బాజీ గారు చెప్పారు. మా బైబిల్లో కూడా ఉందండీ," అంది. అది కూడా నేను చదివి చెప్పిందే.

కానీ ఆ పిల్ల చేసిన మేలు మర్చిపోను. నేను కూర్చుని కూర్చుని నడుము విరుగుతుంటే, అన్నం తినే బల్లను మంచం మీదికి లాగి, "దీని మీదికి ముందుకు వాలి పడుకోండి, గాలాడుద్ది," అని చూపించింది. ఇది చదివే ఆయాసం మనుషులకు చెబుతున్నాను, వెనక్కి కాదు, ముందుకు వాలండి. మర్నాడు బాజీ ఒక దిండు తెచ్చాడు. బల్ల మీద వేసి వాలడానికి సరిగ్గా కొలత తీసి కుట్టాడు. దుమ్ము రేగకూడదని దూదికి బదులు స్పాంజి పెట్టి, పైన రెండు పొరల గుడ్డ. నేను కుట్లన్నీ వేలితో తడిమి చూశాను. ఎక్కడైనా వంకర దొరుకుతుందేమోనని. దొరకలేదు. వాడికి పని నేర్పినవాడి మీదే నాకు కోపం వచ్చింది.

జనవరి

ఇంటికి తెచ్చారు. ఆక్సిజన్ మిషను ఒకటి మంచం పక్కన పెట్టారు. రోజంతా గుడగుడమంటూ ఉంటుంది. జాన్‌బీ దాన్ని "సవతి" అని పిలిచేది. "నా సవతి నిన్ను వదిలిపెట్టి ఉండదు, అన్నానికైనా ఇటు తిరుగు," అనేది. ముక్కులో గొట్టంతో నవ్వడం కూడా కష్టమే.

అప్పుడు వచ్చాడు బాజీ, మిఠాయి పొట్లంతో. మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"బావా, ఉమ్రాకి పోతన్నా. రంజాన్ నెలంతా అక్కడే."

మక్కా చూడాలని నేను ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నానో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఉమ్రా హజ్ కంటే చిన్న యాత్రే, కానీ రంజాన్‌లో చేస్తే హజ్ అంత పుణ్యమని హదీసు. అది కూడా వాడికి నేనే చెప్పాను. ఇప్పుడు డాక్టరు నన్ను విమానం మాట ఎత్తొద్దన్నాడు. వాడి ఛాతీ చూశాను. లోపలికి గాలి ఎంత నిశ్శబ్దంగా పోయి వస్తుందో.

"మంచిది," అన్నాను.

"కహాసునా మాఫ్ చెయ్యి బావా," అన్నాడు.

మాలో యాత్రకు పోయేవాడు ఇంటింటికీ తిరిగి ఇలా అడుగుతాడు. నేను అన్నవీ నువ్వు విన్నవీ ఏమన్నా ఉంటే క్షమించమని. ఇది మొక్కుబడి మాట కాదు. మనిషి దేవుడి పట్ల చేసిన తప్పును దేవుడు తన ఇష్టం కొద్దీ క్షమిస్తాడు. మనిషి పట్ల చేసిన తప్పు మాత్రం ఆ మనిషే వదలాలి. అంతవరకు అది అలాగే ఉంటుంది, మక్కాలో ఎన్నిసార్లు కాబా చుట్టూ తిరిగినా. అంటే బాజీ యాత్ర సగం నా నాలుక మీద ఉంది. లేవలేని ముసలాడికి అంత అధికారం దొరికితే ఎంత సుఖంగా ఉంటుందో, అబద్ధమెందుకు.

"ఏది మాఫ్ చెయ్యాల్రా?"

"ఏదైనా. తెలిసీ తెలియక ఏమన్నా అని ఉంటే."

"పాలవాడికి చెప్పిందే నాకూ చెప్తన్నావా?"

"నీకు కాస్త ఎక్కువ చెప్తాలే. ముందు లడ్డూ తిను."

"పేరు పెట్టి అడుగు. ఏం చేశావో గుర్తు తెచ్చుకుని రా. అప్పుడు చూద్దాం."

వాడు తెల్లమొహం వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నేను మోసినదాన్ని వాడు ఎక్కడో దింపేసి మర్చిపోయాడు.

మర్నాటి నుంచి రోజుకొకటి తెచ్చేవాడు. "నీ కొత్త దబ్బనం విరిచింది నేనే బావా. ఎలక తోసిందని చెప్పా." అది కాదు. "నువ్వు పెళ్లిచూపులకి వచ్చినప్పుడు, ఈయన ముక్కు చూడక్కా, విల్లులాగ వంగిందన్నా." అది కాదు. వంటింట్లోంచి జాన్‌బీ, "అందులో తప్పేముందిరా, ఇప్పుడూ అలాగే ఉంది," అంది. ఇద్దరూ నవ్వారు. నా ఇంట్లో ఆ నవ్వు వినిపించి ఎన్నాళ్లయిందో. అది కూడా వాడే తెచ్చాడు.

ఒకరోజు తల దించుకుని చెప్పాడు. "మీ అమ్మ పోయినప్పుడు మట్టికి ఆలస్యంగా వచ్చా కదా. బస్సు తప్పిందన్నా. బస్సు తప్పలేదు బావా. నిద్రపోయా."

మా అమ్మ వాడికి తన చేత్తో అన్నం పెట్టింది. అయినా, "వదిలేశాలే," అన్నాను. నిజంగానే వదిలేశాను, అక్కడికక్కడే. పెద్ద తప్పులు అంత తేలిగ్గా పోతున్నాయి, ఆ ఒక్కటి మాత్రం కదలదు. ఎందుకో ఆలోచిస్తే తెలిసింది. మిగతావి ఒట్టి తప్పులు. సభ సంగతిలో తప్పు కొంత, అసూయ ఎక్కువ. వాడు నాకంటే బాగా చెప్పాడు. అదీ నా రోగం.

ఫిబ్రవరి

ప్రయాణం దగ్గర పడింది. సందులో అందరూ వాడికి సలాములు అప్పగిస్తున్నారు. మదీనాలో ప్రవక్త వారి సమాధి దగ్గర నిలబడి, ఫలానావాళ్లు సలాం చెప్పారని పేరుపేరునా చెప్పమని. కిటికీలోంచి వింటూ ఉండేవాణ్ణి. నేను నా సలాం ఇవ్వలేదు.

జాన్‌బీ అన్నం కంచం నా ముందు కాస్త గట్టిగానే పెట్టింది. "వాడు పోనంటన్నాడు. నువ్వు నోరు విప్పందే రైలు ఎక్కనంటన్నాడు. నీకు బాగానే ఉందా?"

"నేనేం పోవద్దనలేదు."

"అంతకంటే ఎక్కువే అన్నావు. అయ్యా, నువ్వు చదివిన పుస్తకాలన్నీ పరుపులో కుక్కినా కాస్త మెత్తదనం వచ్చేది. నీలోకి పోయి రాళ్లయినాయి."

ఊపిరి లేదన్నట్టు గొట్టం సర్దుకున్నాను. రోగం వల్ల అదొక లాభం.

బయల్దేరే రోజు మధ్యాహ్నం బాజీ సంచీతో సహా వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"బావా, హైదరాబాదు బండికి టైమవుతంది. నాకు గుర్తు రావట్లా. ఎంత తవ్వినా రావట్లా. నువ్వే చెప్పు. చెప్పి తిట్టు. తిట్టినాక మాఫ్ చేస్తావో లేదో నీ ఇష్టం. నువ్వు వద్దంటే ఈ సంచీ ఇక్కడే పెట్టి కూర్చుంటా."

ఏళ్ల తరబడి తయారుచేసుకున్న ప్రసంగం నా దగ్గర ఉంది. ఈసారి ఎవరూ దొంగిలించలేదు. వినేవాడు ఎదురుగా ఉన్నాడు. గొట్టం తీసి పక్కన పెట్టాను, దాంతో చెబితే గౌరవంగా ఉండదని. "ఒరే," అని మొదలుపెట్టాను. "నువ్వు నన్ను నలుగురిలో..."

అంతే. దగ్గు తగులుకుంది. పేగులు తెగేటట్టు. కళ్ల ముందు నల్లగా అయింది. బాజీ ఒక్క ఉదుటున లేచి నన్ను తన దిండు మీదికి ముందుకు వాల్చి, అరచేత్తో వీపు మీద కింద నుంచి పైకి రాయడం మొదలుపెట్టాడు. గడ్డకట్టిన దూదిని ఏకే ముందు చేత్తో విడదీస్తామే, అలా. అది నేను నేర్పిన చెయ్యే. జాన్‌బీ గొట్టం ముక్కుకు పెట్టింది. మిషను గుడగుడమంది.

గాలి వచ్చింది, కొంచెం. ఒక మాటకు సరిపడా. అంతకు మించి వస్తుందన్న నమ్మకం లేదు. నేరం చెబితే మాఫీకి మిగలదు. మాఫీ చెబితే నేరానికి మిగలదు. బావకి దమ్ము చాలదని వాడు అన్నమాట ఈ పూటకు నిజమైంది. ఉన్న దమ్ము దేనికి ఖర్చు పెట్టాలో మాత్రం నా ఇష్టం.

"మాఫ్ చేశాన్రా," అన్నాను.

"దేనికి బావా?"

పొమ్మని చెయ్యి ఊపాను. వాడు ఆ చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "నీ సలాం?"

తల ఊపాను. చెప్పమని.

వాడు పోయాక ఏదో భారం దిగిపోయిందని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. మక్కాలో ఆ తెల్లటి రాతి నేల మీద వాడు నడుస్తున్నట్టు ఊహించుకుని దిండు తడిచేదాకా ఏడ్చాను, అసూయతోనే. కాకపోతే ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయాను. సాయంత్రం దాకా లేవలేదట. మాఫీ వల్లో మందు వల్లో నేను చెప్పలేను.

రంజాన్

ఉపవాసాలు ఉండొద్దన్నారు. నా బదులు జాన్‌బీ రోజూ ఒక రిక్షా కార్మికుణ్ణి పిలిచి అన్నం పెట్టింది. రోగికి దేవుడిచ్చిన సడలింపు అది. తెలుసు. అయినా సందులో ఎండిన పెదాలతో తిరిగేవాళ్లను చూస్తే కుళ్లు. ఆకలిని చూసి అసూయపడినవాడు మా పేటలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నెల చివరికి మిషను వాడకం తగ్గింది. పగలు గొట్టం లేకుండా కూర్చోగలిగాను.

పండగ తర్వాత

బాజీ తిరిగి వచ్చాడు. యాత్ర నుంచి వచ్చినవాణ్ణి చూడ్డానికి జనం పోతారు. వాడు మేడ మీద ఉంటాడు, నేను మెట్లెక్కలేను. అందుకని, "సభ బావ దగ్గరే పెట్టుకుందాం," అని అందరినీ మా ఇంటికే తెచ్చాడు. మక్కా బావి నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు. నా గదిలో, నా మంచం చుట్టూ, మళ్లీ వాడే నడిబొడ్డున.

ఎవరో అడగనే అడిగారు, "బాజీ గారూ, ఆ స్వర్గవాసి కథ చెప్పండి."

చెప్పాడు. ప్రవక్త వారు సహచరులతో కూర్చుని, ఇప్పుడొక స్వర్గవాసి వస్తాడన్నారు. గడ్డం నుంచి, నమాజుకు ముందు కడుక్కున్న వజూ నీళ్లు కారుతూ, చెప్పులు ఎడమ చేత్తో పట్టుకుని ఒక మామూలు మనిషి వచ్చాడు. మర్నాడూ అదే మాట, అదే మనిషి. ఆ మర్నాడూ అంతే. ఈయన చేసే గొప్ప పనేమిటో చూద్దామని ఒక కుర్రాడు ఏదో వంక పెట్టి ఆయన ఇంట్లో మకాం పెట్టాడు. ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. చివరికి అడిగేశాడు. ఆయన అన్నాడు, నువ్వు చూసిందే నేను చేసేది, కాకపోతే ఎవరి మీదా మనసులో కోపం ఉంచుకోను.

"అంతేనండీ," అని బాజీ ముగించాడు. ఎప్పుడూ అక్కడే ముగిస్తాడు.

"ఇంకోటి ఉంది," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఊపిరి ఉందో లేదో చూసుకుని చెప్పాను. "దేవుడు ఇంకొకళ్లకి ఇచ్చింది చూసి ఏడవను అని కూడా అన్నాడు ఆయన."

బాజీ నన్ను వింతగా చూశాడు. "ఈ ముక్క నేనెప్పుడూ వినలేదే బావా."

"ఎట్లా వింటావు? అది నేను కొట్లో చెప్పుకున్న రోజు నువ్వు పరుపులేసుకుని పామర్రు పోయావు."

వాడి చేతిలో ఖర్జూరాల పళ్లెం అలాగే ఆగిపోయింది. మెల్లగా నా మంచం దగ్గరికి వచ్చి వంగాడు. "అదా బావా?"

"ఏది?"

"నన్ను గుర్తు తెచ్చుకోమన్నది."

"దానికి మాఫీ ఎప్పుడో ఇచ్చేశాగా. ముందు అందరికీ పళ్లు పంచు."

పంచలేదు. లేచి నిలబడి అందరికీ చెప్పాడు. ఈ కథ తనది కాదని, ఆ ప్రసంగం మొత్తం సుభానీ బావదని, దమ్ము చాలదని చెప్పి తాను లాక్కున్నానని. నేను ఇన్నేళ్లు ఎదురుచూసిన మాటలు నా మంచం ముందు, నలుగురిలో. ఒక ఖర్జూరం తిన్నంతసేపు హాయిగా ఉంది.

అప్పుడు మసీదు పెద్ద ఒకాయన కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "ఎంత పెద్ద మనసండీ బాజీ గారిది. నలుగురిలో ఒప్పుకోవాలంటే మాటలా?" అందరూ అవునవునన్నారు. ఒకరి తర్వాత ఒకరు వాణ్ణి కావలించుకున్నారు. నేను ఖర్జూరం గింజ నోట్లోనే పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

పనిలో ఉన్నవాళ్లకు ఒక మాట. దూది ముట్టే ముందు ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టండి. నేను కట్టలేదు, అది మగతనం అనుకున్నాను. రోగం మీద పడ్డవాళ్లకు ఇంకో మాట. మీ మంచం మీద నుంచి చూస్తే నడిచేవాళ్లంతా దొంగల్లాగ కనిపిస్తారు, మీది ఏదో ఎత్తుకుపోతున్నట్టు. అందరికీ అంతే.

ఆ రోజు జనం వెళ్లాక, పక్క మీద వాలే ముందు, బాజీని మళ్లీ మాఫ్ చేయాల్సి వచ్చింది. నిన్న కూడా చేశాను. వాడు మేడ మెట్లు ఈలవేసుకుంటూ ఎక్కుతుంటే ఇవాళ కూడా చేయాల్సి వచ్చేట్టుంది. పరుపు ఒకసారి ఏకితే జన్మంతా మెత్తగా ఉండదు. పడుకున్నకొద్దీ లోపల గడ్డలు కడుతుంది. విప్పి మళ్లీ ఏకాలి. మా నాన్న బతుకంతా ఆ ఊళ్లకే ఏటేటా తిరిగి వెళ్లింది అందుకే కదా.